ఎదుటివాడి ఎత్తు

చదరంగం నేను ముప్పై తొమ్మిదో ఏట నేర్చుకున్నాను. నస్పూర్‌లో ఒక చిన్న బడిలో మూడో తరగతికి పాఠాలు చెబుతాను. పెద్దపల్లి నుంచి రోజూ రైల్లో వచ్చే లెక్కల సారు మధ్యాహ్నం అన్నం తిన్నాక స్టాఫ్ రూములో చెస్ బోర్డు పరిచేవారు. ఒకరోజు ఆయనతో ఆడే డ్రిల్లు సారు సెలవు పెట్టారు. లెక్కల సారు నన్ను కూర్చోబెట్టి గుర్రం ఎలా దూకుతుందో చెప్పారు. ఆ రోజు నుంచి ఎటు చూసినా నాకు గళ్ళే. నల్లబల్ల మీద, పిల్లల చొక్కాల మీద, నిద్రపట్టే ముందు మూసిన రెప్పల లోపల.

మొదటి మూడు నెలలు నా ఆట వాన పడ్డ గడ్డిలా పెరిగింది. ఫోన్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ఆడి గెలిచేదాన్ని. ఆ తర్వాత ఆగిపోయింది. ఇవాళ రెండు గెలిస్తే రేపు రెండు ఓడేదాన్ని. వీడియోలు చూసి మొదటి పది ఎత్తులు బట్టీ పట్టాను. పదకొండో ఎత్తుకు మళ్ళీ దారి తప్పేదాన్ని. లెక్కల సారు మీద ఒక్కసారి కూడా గెలవలేదు.

"టీచరమ్మా, మీరు బాగ తొందరపడుతరు" అనేవారు ఆయన.

నిదానంగా ఆడితే నిదానంగా ఓడిపోయేదాన్ని, అంతే తేడా.

ఎండాకాలం సెలవుల్లో మా బాపుకు కరీంనగర్‌లో కంటి ఆపరేషన్ అయింది. బాపు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఇంట్లో ఉండేది తండ్రీకూతుళ్ళం ఇద్దరమే. ఒక కంటికి పట్టీ, రెండో కన్ను ముందునుంచే మసక. టీవీ చూడొద్దన్నారు డాక్టరు. తలుపులు దగ్గరగా వేసి, కూలర్ పెట్టుకుని, తడి గడ్డి వాసనలో మధ్యాహ్నాలన్నీ ఆయన మంచం పక్కన కింద కూర్చునేదాన్ని. పరదాల వెనక ఎండ తేనె రంగులో ఉండేది. ఎప్పుడు మేలుకున్నామో, ఎప్పుడు కునుకు తీశామో తెలిసేది కాదు.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా? సప్పుడు లేదు."

"చెస్ ఆడుతున్న బాపూ."

"నాకు చెప్పుకుంట ఆడు. నాకూ పొద్దు పోతది."

ఆయనకు ఆట తెలియదు. ఏ పావు ఎలా నడుస్తుందో ముందు చెప్పాను. తర్వాత నా ఎత్తులన్నీ కథలా చెప్పుకుంటూ పోయాను. బంటును జరిపాను, గుర్రాన్ని తెచ్చాను, ఏనుగును కదిపాను. కాసేపు విని ఆయన అడిగాడు.

"అన్నీ నీయే చెప్తున్నవ్. మరి వాడు ఏం జేసిండు?"

"ఒంటెను మూలకు జరిపిండు."

"ఎందుకు?"

"ఏమో బాపూ."

"ఏమో అంటే ఎట్ల? వానికి ఏదో ఒకటి కావాలె గదా."

చిరాకుగానే మళ్ళీ చూశాను. మూలనున్న ఆ ఒంటె ఏటవాలుగా నా ఏనుగు వైపు చూస్తోంది. మధ్యలో అడ్డం ఒక్క బంటే. ఆ బంటునే నేను కదపబోతున్నాను. నా వేలు ఫోన్ మీద అలాగే ఆగిపోయింది. ఇన్ని నెలలుగా నేను ఒంటరిగా ఆడుకుంటున్నానని అప్పుడు తెలిసింది. ఎదుట ఒక మనిషి ఉన్నట్టే నాకు తోచలేదు.

అది చెబితే బాపు నవ్వలేదు. "బాయిల దిగంగనే ముందల పైకప్పును గడ్డపారతోని కొట్టి ఇనేటోళ్ళం" అన్నాడు. "గట్టిగ మోగితే పోయేటోళ్ళం. గుల్ల సప్పుడొస్తే ఆడనే ఆగేటోళ్ళం. నువ్వు ఇనకుంటనే పోతున్నవ్ బిడ్డా."

అప్పటినుంచి రోజుకు ఒకే ఆట. ఎదుటివాడు కదిపిన ప్రతిసారీ వాడికి ఏం కావాలో బాపుకు చెప్పాకే నా ఎత్తు. కొన్నిసార్లు ఆయన నిద్రలోకి జారిపోయేవాడు. అయినా చెప్పడం ఆపేదాన్ని కాదు. కూలర్ హోరులో నా గొంతు నాకే ఎక్కడో దూరాన వినిపించేది. నేనే ఆ గళ్ళలో మెల్లగా నడుస్తున్నట్టు, మలుపు మలుపుకూ ఎవరో నిలబడి ఉన్నట్టు అనిపించేది. వెంటనే గెలుపులు రాలేదు. కానీ ఎందుకు ఓడిపోయానో తెలిసేది. అదే కొత్త.

పట్టీ విప్పాక బాపు ఫోన్ చేతిలోకి తీసుకుని చూశాడు. "గింతేనా? నేను మా బాయంత ఉంటదనుకున్న" అని ఆశ్చర్యపోయాడు.

బడి తెరిచారు, వానలు మొదలయ్యాయి. సారుతో మొదటి వారమంతా ఓడాను. రెండో వారం ఒకరోజు ఆయన తన మంత్రిని ఊరికే అన్నట్టు పక్కకు జరిపారు. పెదాలు కదుపుతూ లోపల్లోపల చెప్పుకున్నాను: ఈయనకు నా చివరి బంటు కావాలి. దాన్ని కాచుకున్నాను. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ఆ బంటే అడుగు అడుగునా నడిచి చివరి గడికి చేరి మంత్రి అయింది. సారు ఓటమి ఒప్పుకుని తన రాజును మెల్లగా పడుకోబెట్టారు.

"ఎవరు నేర్పిండ్రు టీచరమ్మా?"

"మా బాపు సార్."

"మస్తు ఆడుతడా?"

"ఆడుడు రాదు సార్. అడుగుతడు."

ఆయనకు అర్థం కాలేదు. బెల్లు మోగింది. మేమిద్దరం తరగతులకు వెళ్ళిపోయాం.

ఇంటికొచ్చి బాపుకు మొదటినుంచి చివరిదాకా చెప్పాను. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే.

"సారు మనసు కష్టపెట్టుకున్నడా?"

"జర."

"రేపు మళ్ళ ఆడు ఆయనతోని. ఓడినా మంచిదే" అని లేచి, వానలో తడుస్తున్న బట్టలు తీయడానికి వాకిట్లోకి పోయాడు.