ఉల్కారాణికి సంచి తగిలించిన మా అత్త

మా మేనత్త పోయింది. తమ్ముడు ఫోన్ చేసి ఆ మాట చెప్పినప్పుడు నేను స్టూడియోలో ఎవరిదో పెళ్లి వీడియోకు పాట అతికిస్తున్నాను. పొద్దున చాయ్ పెట్టుకొని, గిన్నె దించకుండానే వంటింట్లో కూలబడిందట. పక్కింటివాళ్లు ఆటోలో దవాఖానాకు తీసుకుపోయేసరికే ప్రాణం లేదు. నేను అత్త ఇంటికి చేరి ఆమె పాదాలు పట్టుకొని ఇంకా సరిగ్గా ఏడవనైనా లేదు, ఎవరో ఫోన్ తెచ్చి చూపించారు. ముంబై కంపెనీ అప్పుడే సంతాపం పెట్టేసింది. తల వంచుకొని నిలబడ్డ ఉల్కారాణి బొమ్మ, పక్కన మా అత్త ఫోటో, కింద హిందీలో "మా కుటుంబ సభ్యురాలికి కన్నీటి వీడ్కోలు" అని.

ఆ కుటుంబ సభ్యురాలిని దొంగను చేసింది వాళ్లే. చదివేవాళ్లు నన్ను మన్నించాలి. ఈ నాలుగు మాటలు శాంతంగా రాయడం నా వల్ల కాదు.

ఉల్కారాణి అంటే ఈనాటి పిల్లలకు తెలియదు. మా అత్త చిన్నప్పుడు మహారాష్ట్ర సరిహద్దులోని దెగ్లూర్ బస్టాండ్‌లో అమ్మిన హిందీ బొమ్మల పుస్తకాల్లోని వీరనారి. ఆకాశం నుంచి రాలిపడి, పగలు రాళ్లు కొట్టే కూలీగా బతుకుతూ, కోపం వస్తే రాయిని కరిగించగలిగే మనిషి. అత్త ఆ పుస్తకాలు కొనుక్కొచ్చి ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, హిందీ మాటలను అప్పటికప్పుడు మన తెలుగులోకి మార్చి చదివేదట. ఉల్కారాణి అసలు తెలుగు మనిషే అని మా నాన్న చాలా ఏళ్లు నమ్మాడు. ఒక సంచికలో ఉల్కారాణి కూలిన ఆనకట్ట కింద ఇరుక్కుపోయింది. తరువాయి సంచిక రాలేదు. ప్రచురణకర్త దుకాణం మూసేశాడు. దేశంలో కొన్ని వేలమంది పిల్లలు మరిచిపోయారు, మా అత్త మరువలేదు.

ఆమె బస్ కండక్టర్. దెగ్లూర్, నాందేడ్ దారిలో ఆమె గొంతు ఎరగని మనిషి లేడు. మరాఠీలో చిల్లర అడిగి, దక్కనీ ఉర్దూలో తిట్టి, తెలుగులో ముసలమ్మలకు సీటు ఇప్పించేది. పెళ్లి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "టికెట్ తియ్యి ముందుగాల" అనేది. పండక్కి మా ఇంటికి వచ్చినా గుమ్మం దగ్గరే నిలబడి "ఎనుకకు జరుగుండ్రి, జరుగుండ్రి" అని అలవాటుకొద్దీ అనేసి, తనే నవ్వేది. మోకాళ్లు అరిగి ముందే ఉద్యోగం మానుకున్నాక, ఫోన్‌లో పాత పుస్తకాల అభిమానుల గుంపు ఒకటి దొరికింది. అందరూ ముసలివాళ్లవుతున్న పిల్లలు. నిజామాబాద్ నుంచి శ్రీకాంత్ అనే ఇంజనీరింగ్ కుర్రవాడు మాత్రం తన తండ్రి పుస్తకాలు చదివి చేరాడు. వాళ్లందరికీ ఒకటే బాధ: ఆనకట్ట కింద ఆమె ఏమైంది?

"మనమే చూపిద్దాం. సినిమా తీద్దాం" అంది అత్త నాతో ఒక మధ్యాహ్నం. శ్రీకాంత్ దానికి తోడు ఫోన్లో ఆడే చిన్న ఆట చేస్తానన్నాడు.

"పైసలు అత్తా?"

"గణపతికి చందా వసూలు చెయ్యమా? గిది గూడ గట్లనే. అడుక్కునుడు కాదు బిడ్డా, చందా. ఎవ్వరికీ లాభం లేదు, అందరికీ ఫుకట్‌ల చూపిస్తం."

ఆన్‌లైన్‌లో చందా అడిగే వీడియో నేనే తీశాను. అందులో అత్త మూడు భాషల్లో మాట్లాడింది. ఇచ్చిన ప్రతి మనిషికీ పేరు పెట్టి పిలిచి గొంతు రికార్డు చేసి పంపింది. బిలోలి ఆటోవాలాకు కూడా, దుబాయిలో ఉన్న డాక్టరుకు కూడా, ఒకే తీరుగా.

అప్పుడు ఆ ముంబై కంపెనీ వచ్చింది. ఆ పాత పుస్తకాల హక్కులు కొని బీరువాలో పడేసుకున్న కంపెనీ. మా వీడియోను వాళ్ల పేజీలో పెట్టుకొని చప్పట్లు కొట్టింది. ఒక ఆఫీసరు నాందేడ్ వచ్చాడు. మా అత్త చేసిన జొన్నరొట్టె, శనగపిండి పిట్ల తిన్నాడు. "మీలాంటివాళ్ల వల్లే ఉల్కారాణి బతికుంది మేడమ్, కానివ్వండి" అని హిందీలో అన్నాడు. సినిమా కోసం అత్త కుట్టిన దుస్తులన్నింటికీ ఫోటోలు తీసుకున్నాడు. అతను పోయాక నేను, ఆ ముక్క కాగితం మీద రాయించుకుందాం అన్నాను.

"మనింట్ల అన్నం తిన్నోడు పిల్లా. ఇగ కాగితమెందుకు?"

దుస్తుల మాట చెప్పాలి. పుస్తకంలో ఉల్కారాణికి మెరుపుల పైట, నెత్తిన కిరీటం ఉండేవి. అత్త రెండూ తీసేసింది. బస్సు సీట్ల పాత రెగ్జిన్ కొనుక్కొచ్చి జాకెట్ కుట్టింది. భుజం మీదుగా కండక్టర్ల తోలు సంచిలాంటిది అడ్డంగా తగిలించింది. "కూలికి పోయే ఆడిది సద్దిమూట యాడ వెట్టుకుంటది? బొమ్మ గీసినోడు ఎన్నడన్న కూలికి పోయిండా?" అంది. ఉల్కారాణిగా నటించిన, కాలేజీలో కబడ్డీ ఆడే రేణుక అది వేసుకుంటే నిజంగానే రాయి కరుగుతుందనిపించింది.

షూటింగ్ బిలోలి దగ్గర కంకర మిషన్ పక్కన. అక్కడ పనిచేసే ఆడవాళ్లే మాకు నటులు. అత్త కూడా వాళ్లలో ఒకరిగా నిలబడింది. ముగింపు ఆమె రాసిందే. ఉల్కారాణి తన శక్తితో ఆనకట్టను ఎగరగొట్టుకొని బయటికి వస్తుందని గుంపులో అందరూ అనుకున్నారు. అత్త ఒప్పుకోలేదు.

"ఇన్నొద్దులు ఆమె అందర్ని కాపాడింది. ఆమెను ఎవ్వలు కాపాడాలె? మనమే గదా."

అందుకే సినిమాలో కూలి ఆడవాళ్లే ఒక్కొక్క రాయీ ఎత్తి ఆమెను బయటికి లాగుతారు.

ట్రైలర్ పెట్టాం. మేం అనుకోనంత మంది చూశారు. ఆ వారంలోనే కంపెనీ వకీలు నుంచి మెయిల్. సినిమా చూపించకూడదు, ఆట ఆపేయాలి, ట్రైలర్ తీసేయాలి, తమ ఆస్తితో జనం దగ్గర వసూలు చేసిన సొమ్ము తిరిగి ఇవ్వాలి. షూటింగుకు ఖర్చయిపోయిన సొమ్ము! గుంపులో అంతవరకు "దీదీ దీదీ" అన్నవాళ్లే మోసగత్తె అన్నారు. అత్త ఎవరితోనూ వాదించలేదు. ఉద్యోగం విడిచినప్పుడు చేతికొచ్చినదాంట్లోంచి అందరికీ తిరిగి ఇచ్చేసింది. బిలోలి ఆటోవాలా ఒక్కడే తీసుకోనని ఫోన్ కట్ చేశాడు.

హక్కులు వాళ్లవే. నాకు తెలుసు. వద్దని మొదటి రోజే చెప్పి ఉంటే మేం నోరు మూసుకొని కూర్చునేవాళ్లం. చెప్పలేదు. చచ్చిన బొమ్మకు మా చేత ఊరూరా డప్పు కొట్టించుకున్నారు. జనం ఇంకా ఉన్నారని మా ఖర్చుతో తెలుసుకున్నారు. తెలుసుకున్నాక తలుపు వేసేశారు. అభిమాని అంటే వీళ్లకు జీతం అడగని నౌకరు.

కొన్నాళ్లకు వాళ్ల సొంత ఆట ప్రకటన వచ్చింది. శ్రీకాంత్ పంపితే అత్త, నేను కలిసి చూశాం. తెర మీద ఉల్కారాణి తిరిగింది. రెగ్జిన్ జాకెట్. భుజం మీదుగా సంచి.

అత్త ఆ ఆఫీసరుకు ఫోన్ చేయమంది. అదృష్టమో కర్మమో, ఎత్తాడు. మేడమ్, ఎలా ఉన్నారు అన్నాడు. ఆమె హిందీ మరిచిపోయి తెలుగులోనే అరిచింది.

"నా సంచి నాకియ్యి! నీ రాణిని నువ్వు ఉంచుకో. కిరీటం వెట్టుకో, ఏమన్న వెట్టుకో. ఆ సంచి నాది. బస్సుల నిలవడి నిలవడి నా బుజం కాయలు గాసిన సంచి. ఇయ్యి!"

అతనికి ఒక్క మాటా అర్థమై ఉండదు. ఫోన్ పెట్టేశాడు. అత్తకు షుగర్ ఉంది, బీపీ ఉంది, గుండె ఆగడానికి డాక్టరు చెప్పే కారణాలన్నీ ఉన్నాయి. కంపెనీ చంపిందని నేను అనను. కానీ ఆ రోజు తర్వాత ఆమె పాత పుస్తకాలు తెరవలేదు. గుంపులోంచి బయటికి వచ్చేసింది. గుమ్మం దగ్గర ఎవరినీ జరగమనలేదు.

దహనం అయిన మర్నాడే కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. మర్యాదగానే మాట్లాడింది. ఆటలో మేడమ్ జ్ఞాపకంగా ఒక చిన్న పాత్ర పెడతారట, షూటింగులో ఆమె ఫోటోలు కావాలట.

"సినిమా విడుదల చేయనిస్తారా?" అన్నాను.

"అది లీగల్ వాళ్లు చూస్తారు మేడమ్."

"అయితే ఫోటోలు నేను చూసుకుంటాను" అని పెట్టేశాను. నాకు వచ్చిన తిట్లన్నీ ఆ తర్వాత గోడకు వినిపించాను. ఆ అమ్మాయిని తిట్టి ఏం లాభం? ఆమె కూడా ఎవరి దగ్గరో కూలికి ఉన్న మనిషే.

పదో రోజున బిలోలి నుంచి కంకర మిషన్ ఆడవాళ్లు టెంపో కట్టుకొని వచ్చారు. వాళ్లు నటించిన సినిమాను వాళ్లెవరూ చూడలేదు. భోజనాలయ్యాక వాళ్లలో పెద్దామె నా దగ్గరికి వచ్చి "అక్క తీసిన బొమ్మ చూపియ్యవా బిడ్డా" అంది. లోకానికి చూపించవద్దన్నారు గానీ, ఇంటి మనుషులకు చూపించవద్దని ఎవడు చెప్పగలడు? ముందు గదిలో టీవీకి కంప్యూటర్ తగిలించాను. తెలిసిన మొహం కనబడ్డప్పుడల్లా నవ్వారు, ఒకరినొకరు పొడుచుకున్నారు. ముగింపు రాగానే నవ్వులు ఆగాయి. తెర మీద రాళ్లు ఎత్తుతుంటే ఇక్కడ కూర్చున్నవాళ్ల చేతులు కూడా కదిలాయి. ఉల్కారాణి బయటపడింది. ఆమె చెయ్యి పట్టుకొని నిలబడ్డ మా అత్త, నిలువెల్లా తెల్లటి కంకర దుమ్ముతో, మా వైపు తిరిగింది.

పెద్దామె లేచింది. టీవీ దగ్గరికి పోయి కొంగు చేతిలోకి తీసుకొని, అత్త మొహం మీది దుమ్మును మెల్లగా, అద్దం మీద, తుడవసాగింది.