సాయవ్వ పిడికిలి

కొత్త రబ్బరు బంతి వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నాందేడ్‌లో నేను ఫిజియోథెరపీ చేసే గదికి నిన్న కూడా ఒకటి వచ్చింది, పక్షవాతం తగిలిన ఒక పెద్దాయన బిగిసిన గుప్పిట్లో. "రోజూ వందసార్లు నొక్కిస్తున్నం సార్" అన్నాడు కొడుకు గర్వంగా. ముడుచుకుపోయిన చేతికి ఇంకా ముడుచుకోవడం నేర్పుతున్నారన్నమాట. నేను తిట్టలేదు. సాయవ్వ పెద్దమ్మకు మొదటి బంతి తెచ్చింది నేనే మరి.

ధర్మాబాద్ దగ్గర మా ఊళ్లో ఆమెది మా పక్కిల్లు. మిరప కల్లంలో తొడిమలు తీసే కూలి. పక్షవాతంతో కుడివైపు పడిపోయినప్పుడు మొదట చెయ్యి తడిగుడ్డలా వేలాడింది. కొన్ని వారాలకు మోచెయ్యి మడతపడి, పిడికిలి రొమ్ముకు అంటుకుంది. కాలు మాత్రం కర్రలా బిగిసింది. మునివేళ్లు నేలకు రాసుకోకుండా దాన్ని పక్కనుంచి కొడవలిలా తిప్పి నడిచేది. బలం తిరిగొచ్చిందని ఊరంతా సంతోషించింది. కల్లం మేస్త్రీ అందరికంటే ఎక్కువ సంతోషించాడు.

"చెయ్యి గంత గట్టిగున్నది. పనికి రానికి ఏం రోగమే?"

"పక్షవాతమంటరు మేస్త్రీ" అంది పెద్దమ్మ.

నేనప్పుడు ఫిజియోథెరపీ మొదటి సంవత్సరం. చదువు తక్కువ, ధైర్యం ఎక్కువ. బంతి చేతిలో పెడదామని ఆమె వేళ్లు పట్టి లాగాను. లాగినకొద్దీ బిగుసుకున్నాయి.

"గుంజకురా బిడ్డా. అడుగు."

"చేతిని ఎట్ల అడగాలె పెద్దమ్మా?"

"నిమ్మలంగ. ముందుగాల మణికట్టు కిందికి దించు. గిప్పుడు బొటనవేలు. ఆగు... ఇగ సూడు."

మిగతా నాలుగు వేళ్లూ వాటంతట అవే వదులయ్యాయి. రోజూ అరచేతిలో చెమట కడుక్కోవడానికి ఆమె ఒంటరిగా కనిపెట్టుకున్న పద్ధతి అది. దాని వెనకున్న కారణం మా కాలేజీ నాకు మూడో ఏట చెప్పింది. మెదడు నుంచి వెన్నుపాముకు ఆజ్ఞలు తెచ్చే నరాలు దెబ్బతింటే, "ఇక చాలు, వదులు" అని కండరాన్ని అదుపు చేసేవాళ్లుండరు. గబుక్కున లాగితే అది ఎదురుతిరుగుతుంది, మెల్లగా సాగదీస్తే లొంగుతుంది. ఆ బిగువు బలం కాదు.

ఆ ఏడే పెద్దమ్మకు చెబితే, ఆ మాట కాగితం మీద రాయించుకోవాలని పట్టుపట్టింది. పింఛను సంగతి తర్వాత, ముందు తనది దొంగవేషం అంటున్న మేస్త్రీ నోరు మూయాలి. వికలాంగుల సర్టిఫికెట్ కోసం నాందేడ్‌లో శిబిరానికి తీసుకొచ్చాను. డాక్టరు దెగ్లూర్ వైపు మనిషి, తెలుగు బాగానే వచ్చు, కోపం మాత్రం మరాఠీలో వచ్చేది. పలకరించకుండానే మోచెయ్యి పట్టి ఒక్క లాగు లాగాడు. అది కదల్లేదు.

"మస్తు తాకతుంది గదా!" అని ఆ బలాన్ని మెచ్చుకుని, అర్హత లేదని రాయబోయాడు. పెద్దమ్మ కుర్చీలోంచి లేవలేదు.

"సారూ, గంత తాకతుంటే, జర ఇడువుమని చెప్పుర్రి దానికి."

ఆయన విసుగ్గా పిడికిట్లోకి వేలు దూర్చి లాగాడు. పిడికిలి బిగిసింది. ఇంకా లాగాడు. ఇంకా బిగిసింది. వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"సోడా నా బాయీ!" అని అరిచాడు, వదలమని.

"నేను పట్టుకుంటలేను సారూ. గదే పట్టుకున్నది. గదే నా రోగం."

మణికట్టు దించి, బొటనవేలి నుంచి మొదలుపెట్టి, నెమ్మదిగా ఆయన్ని విడిపించింది నేనే. వేలు నొప్పెట్టాక ఆయనకు జబ్బు బాగా అర్థమైంది. సర్టిఫికెట్ వచ్చింది. కానీ మా వెనక వరుసలో ముడుచుకున్న చేతులు ఇంకా ఉన్నాయి. తమ జబ్బును నిరూపించుకోవడానికి వాళ్లందరికీ ఒక్కో డాక్టరు వేలు చిక్కాలా? అంత చదివినవాడు ఒక్క క్షణం నెమ్మదించి ఉంటే సరిపోయేది. పెద్దమ్మ పోయినా ఆ మంట నాలో చల్లారలేదు, చల్లారనివ్వలేదు కూడా.

నిన్న ఆ కొడుకు బంతి తీద్దామని తండ్రి వేళ్లు లాగబోయాడు. చెయ్యి అడ్డం పెట్టాను.

"గుంజకు. అడుగు."

మణికట్టు దించాం. బొటనవేలు. ఆగాం. బంతి దానంతటదే జారి గది మూలకు దొర్లిపోయింది. దానివైపు ఎవరూ చూడలేదు. పెద్దాయన తన అరచేతిని చూసుకుంటున్నాడు.