బురద గుణాన్ని గణించిన విదుషి

అమలాపురంలో మూడు దశాబ్దాలు భౌతికశాస్త్రం బోధించిన సుభద్ర గారు మొన్న ఉదయం పరమపదించారన్న వార్త విని నిశ్చేష్టురాలినయ్యాను. ఆమె దగ్గర పరిశోధన చేసిన తొలి విద్యార్థిని నేను. ఈ నాలుగు మాటలు రాస్తుంటే దుఃఖం కంటే గర్వమే ముందుకొస్తోంది.

మా డెల్టా బురదను కలియదొక్కితే పలుచబడి జారుతుంది. కదపకుండా ఉంచితే క్రమంగా బిగుస్తుంది. కాలంతో మారే ఆ చిక్కదనాన్ని కంప్యూటరులో అనుకరించి చూపడమే ఆమె తపస్సు. తొంభైలలో కళాశాలకున్న ఒకే ఒక్క కంప్యూటరు ముందు, కరెంటు పోయినప్పుడల్లా మళ్లీ మొదలుపెడుతూ ప్రోగ్రాం రాశారు. "బురదకి జ్ఞాపకం ఉందమ్మా. ఇందాక దాన్నేం చేసేమో మర్చిపోదు" అనేవారు.

ఒకసారి ఉప్పలగుప్తం నుంచి రొయ్యల రైతు సూర్రావు గారు వచ్చారు. "చెరువుకి కొత్తగా గట్టు వేసేమండి. రొయ్యపిల్లల సీడు వేసే అదును దాటిపోతోంది. నీళ్లెప్పుడు పెట్టమంటారండీ?"

మేడం ఆ మట్టిని తెప్పించి, అది తిరిగి బిగుసుకునే కాలాన్ని కొలిచారు. అంకెలు ఎక్కించింది నేను. రెండు రోజులు చాలునని వచ్చింది. మూడోనాడు నీళ్లు పెట్టారు. సాయంత్రానికి తూర్పు గట్టు చెరువులోకి జారిపోయింది. అదును దాటి ఆ పంట పోయింది.

వెతికితే తప్పు దొరికింది. ఒక దశాంశ బిందువును నేను పక్క స్థానంలో కొట్టాను. ఆగవలసింది ఇరవై రోజులు! మేడం నన్ను పల్లెత్తు మాట అనలేదు. వెంటబెట్టుకుని బస్సెక్కారు. కూలిన గట్టు మీద నిలబడి, "తప్పు నాదేనండి సూర్రావు గారూ" అన్నారు. నేను నోరు తెరవబోతే చెయ్యి పట్టుకుని ఆపారు.

తిరుగు బస్సులో మాత్రం, "నా పేరుతో వెళ్లిన లెక్క నాదే. ఇకనుంచి ఇద్దరం విడివిడిగా చేసి పోల్చుకుందాం" అన్నారు.

గట్టు మళ్లీ వేసి, ఇరవై రోజులు ఆగి నీళ్లు పెడితే నిలిచింది. కూలిన గట్టు సంగతిని కూడా దాచకుండా ఆమె రాసిన పత్రాన్ని ఢిల్లీ సదస్సులో పండితులు మెచ్చుకున్నారు. అంత చిన్న ఊళ్లో ఇదెలా సాధ్యమైందని ఒకాయన అడిగితే, "బురద మాకు దగ్గరండి" అన్నారు నవ్వుతూ.

నిన్న అంత్యక్రియలకు వచ్చిన సూర్రావు గారితో, ఆనాటి తప్పు నాదని ఎట్టకేలకు చెప్పేశాను.

"అవునాండీ? ఇన్నేళ్లలో ఎన్నిసార్లు కలిసేరో! ఒక్కనాడూ చెప్పలేదండి మహాతల్లి."

అటువంటి గురువు నాకు మళ్లీ దొరకరు. ఆమె శిష్యురాలినని చెప్పుకునే అర్హత కోసం ఇకపై బతకాలి.