మేనత్త ఎక్కిన బొగ్గు బస్సు

ఆ రోజుల్లో బస్సు ప్రయాణమంటే సగం దూరం కూర్చోవడం, సగం దూరం తొయ్యడం. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు కరువై, బస్సులకు బొగ్గు పొయ్యి బిగించుకుని, దాని గ్యాసుతో తిప్పేవాళ్ళం. ఆ గ్యాసుకు మిట్టలెక్కే బలం తక్కువ. మిట్ట కనబడితే చాలు, నేను నోరు తెరవకముందే జనం దిగి బస్సు వెనక చేరేవాళ్ళు (టికెట్టు కొన్నది తొయ్యడానికేనని నమ్మినట్టు). ఇంటర్మీడియట్‌లో ఫిజిక్సు తప్పి, నాయన ముఖం చూడలేక, పుత్తూరు నుంచి కార్వేటినగరం పోయే బస్సులో కండక్టరుగా చేరినవాణ్ణి నేను. ఆ పరీక్షలో నన్ను ముంచింది ఘర్షణ మీద అడిగిన ప్రశ్నే.

ఒక వానరోజు బస్సు నిండా మగపెళ్ళివాళ్ళు ఎక్కారు. మధ్యాహ్నం కార్వేటినగరంలో ముహూర్తం. దారిలో బంకమట్టి మిట్ట మీద బస్సు ఆగిపోయింది. అలవాటు ప్రకారం పెళ్ళికొడుకుతో సహా అందరూ దిగారు. దిగనిది పెళ్ళికొడుకు మేనత్త ఒక్కతే. నిండైన మనిషి. "కొత్త పట్టుచీర కట్టుకోని ఆ బురదలో యాడ దిగేది? నేను దిగను పో" అని ముందు సీట్లో కదలకుండా కూర్చుంది. "అత్తా, నీ బరువుకే బండి కదల్లేదు" అని పెళ్ళికొడుకు ఏడుపు ముఖం పెట్టాడు. డ్రైవరన్న తొక్కేకొద్దీ వెనక చక్రాలు గిర్రున తిరిగి, తోసేవాళ్ళ పట్టుపంచెల మీద బురద చిమ్మడమే తప్ప బస్సు జరగడం లేదు.

నాకేదో తోచింది. మేనత్త వక్కాకు సంచిలోంచి సున్నం అడిగి తీసుకుని చక్రానికి బొట్టు పెట్టాను. పక్కనే నేలలో పుల్ల గుచ్చాను. "రవంత తొక్కన్నా" అన్నాను. సున్నం బొట్టు ఒక చుట్టు తిరిగి పైకొచ్చింది. బస్సు మాత్రం పుల్లను దాటి జానెడు కూడా పోలేదు. అంటే ఇంజనుకు బలముంది, చక్రానికే నేల పట్టు లేదు. ఇంకా మెల్లగా తొక్కమంటే జారుడు కొంచెం తగ్గింది. పరీక్షలో రాని జవాబు అప్పుడొచ్చింది నాకు. చక్రం మీద బరువుంటేనే పట్టు! బండిని ఖాళీ చేసి మేమే ఆ పట్టు పోగొట్టుకున్నాం.

"అందరూ ఎక్కండి! ఎనక చక్రాల మీద కూసోండి!" అని అరిచాను.

"ఖాళీ బండే కదల్లేదే, నిండు బండి ఎట్ల కదుల్తాదప్పా?" అన్నాడు పెళ్ళికొడుకు నాయన. "ముహూర్తం తప్పిందంటే నిన్ను ఈ బురదలోనే పూడ్సిపెడతా."

అప్పుడు లేచింది మేనత్త. "తోసి తోసి మీరేం సాధించినారు? ఆ అబ్బోడు సెప్పినట్టు సేసి సూద్దాం రాండి" అంటూ పోయి వెనక సీట్లో కూర్చుంది. సణుక్కుంటూ మిగతావాళ్ళు ఆమె చుట్టూ కిక్కిరిశారు. డ్రైవరన్న మెల్లగా తొక్కాడు. బస్సు ఒకసారి ఊగి, మూలిగి, ముందుకు పాకింది. మిట్ట ఎక్కేసింది! మేళగాళ్ళు ఆనందం పట్టలేక అక్కడే గట్టిమేళం వాయించేశారు (తాళి ఇంకా పురోహితుడి సంచిలోనే ఉంది).

"నా బరువుకే కదల్లేదంటిరే? ఇప్పుడు ఎవరి బరువుతో కదిలినాదో సెప్పండి!" అని మేనత్త దారి పొడుగునా అందర్నీ దులిపేసింది.

ముహూర్తం అందింది. పంక్తిలో నన్ను పెళ్ళికొడుకు పక్కన కూర్చోబెట్టి, మేనత్తే తన చేత్తో నెయ్యి పోసింది. ఫస్టు క్లాసులో పాసైనా అంత గర్వపడి ఉండను.

ఇప్పటికీ బస్సెక్కితే వెనక చక్రం మీది సీటు కోసమే వెతుక్కుంటాను. నడుము విరిగేంత కుదుపు. "ముందుకొచ్చి కూసో తాతా" అంటారు పిల్లలు. ఎండిపోయిన ఈ ఒంటి బరువు ఏ చక్రానికీ ఆనదని నాకూ తెలుసు. అయినా వాన పడుతుంటే మాత్రం, నేను కూర్చున్నాను కాబట్టే బండి పోతోందనిపిస్తుంది.