బస్సుకు అందని పోలమ్మత్త

మా పోలమ్మత్త ఇక లేదు. మంగళవారం పొద్దున్న పిల్లాడికి అన్నం కలుపుతుంటే ఊరి నుంచి ఆడపడుచు ఫోను చేసింది. "వదినా, అమ్మ లెగనేదు" అంది. పోనీలే, కాసేపు పడుకోనియ్యమని చెప్పబోయాను. కోడి కంటే ముందు లేచే మనిషి గురించి ఆ మాట ఎంత అర్థం లేనిదో అంతలోనే తోచింది. చేతిలో గిన్నె ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు లేదు. అమ్మవారి పండగకని నాలుగు రోజులుండి వస్తానని సముద్రపుటొడ్డున ఉన్న తన పల్లెకు వెళ్లిన అత్త, ఏ బాధా పడకుండా, ఎవరికీ చెప్పకుండా, నిద్రలోనే వెళ్లిపోయింది.

నాకు ఆవిడ అత్తగారే కాదు, మేనత్త కూడా. అందుకే నన్ను కోడలిగా కాక అన్న కూతురిగానే తిట్టేది. ఆవిడ గురించి నేను తప్ప రాసేవాళ్లు మా ఇంట్లో లేరు. ఆవిడను ఎరిగినవాళ్లకు ఇది జ్ఞాపకం. ఎరగనివాళ్లు ఎరగాలని నా కోరిక.

ఆ పల్లె నుంచి బస్సాగే రోడ్డుకు నాలుగు మైళ్లు. మావయ్య తెప్ప ఒడ్డెక్కగానే చేపలు గంపకెత్తుకుని, తొలి బస్సు అందుకుని, ఆమదాలవలస వీధుల్లో అమ్ముకోవాలి. ఆ బస్సు తప్పితే ఎండెక్కుతుంది, చేపలు మెత్తబడతాయి, ఆ పూట పొయ్యి వెలగదు. అందుకే ఆ ఆడవాళ్లది నడకా కాదు, పరుగూ కాదు. నడుం పైన మనిషి నిండుకుండలా నిశ్చలంగా ఉంటుంది. కింద పాదాలు మాత్రం చిన్న చిన్న అడుగులతో వడివడిగా సాగిపోతాయి. అత్త ముప్పై ఏళ్లపాటు అలా వెళ్లింది. నెలలు నిండినప్పుడు కూడా మానలేదు. మా ఆయన అప్పన్న గురించి నవ్వుతూ చెప్పేది: "ఈడు బస్సులో పుట్టవలసినోడే. నిదానస్తుడు కదా, మర్నాటి దాకా ఆగినాడు."

పిల్లాడు పుట్టాక నాకు భయం పట్టుకుంది. వాడు దగ్గితే భయం, దగ్గకపోతే భయం. నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. అప్పుడే మావయ్య పోయి ఒంటరిగా ఉన్న అత్త మా దగ్గరికి విజయనగరం వచ్చింది. వచ్చిన రోజే నన్ను చూసి, "ఊపిరి తీస్తన్నాడా నేదా అని నువ్వలగ మీద పడిపోతే ఆడికి ఊపిరెలగాడతాదే? అవతలకి జరుగు" అంది. ఆ రాత్రి చాలాకాలానికి నేను కంటినిండా నిద్రపోయాను.

ఒకరోజు ఆటోలో వస్తుంటే కోట దగ్గర పెద్ద బ్యానరు కట్టి ఉంది.

"అదేటి రాసినారే?" అంది.

"పరుగు పందెం అత్తా. పది కిలోమీటర్లు. పెద్దది కూడా ఉంది, ఇరవై ఒకటి."

"అంత దూరం ఎల్లి ఏటి తెస్తారు?"

"ఏమీ తేరు. ఊరికే పరిగెట్టి, బయలుదేరిన చోటికే వస్తారు."

అత్త ఆటోలోంచి తల తిప్పి, బ్యానరు కనబడినంతసేపూ దాన్నే చూసింది. దిగాక నా చెయ్యి పట్టుకుంది. "నా పేరు రాయించు. నాను పరిగెట్టినన్నాళ్లూ ఎవులో ఒకల ఆకలి కోసం పరిగెట్టినాను. ఎవుల కోసవూ కాకుండా ఓ పాలి పరిగెట్టి సూడాలనుంది."

అప్పన్న ససేమిరా అన్నాడు. "అమ్మా, నీ వయసెంతో నీకు తెలుసా? నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీరా. వానల్లో పందెం. నోరు తెరిస్తే నీళ్లు ఆళ్ల నోట్లోనే పడతాయి."

తోడుగా నా పేరూ ఇచ్చాను. సాధన మొదలుపెట్టిన తొలి మూడు రోజులూ అత్త కాలేజీ మైదానంలో తూలిపోయింది. అడుగు అటూ ఇటూ పడుతోంది. నాలుగో రోజు ట్రంకుపెట్టె అడుగు నుంచి చుట్టకుదురు తీసింది, గంప కింద నెత్తిన పెట్టుకునే గుడ్డచుట్ట. దాన్ని నీళ్లలో ముంచి తలమీద పెట్టుకుంది. "బరువు నేకపోతే కాళ్లకి తోవ తెలీట్లేదే" అంటూ కదిలింది. అంతే, నేను అందుకోలేకపోయాను. మైదానంలో వ్యాయామం చేస్తున్నవాళ్లంతా చేస్తున్నది ఆపి చూశారు. ఈ సంగతి విని అప్పన్న ఆ సాయంత్రం ఇద్దరికీ బూట్లు కొని తెచ్చాడు.

పందెం ఆదివారం. శుక్రవారమే అల్పపీడనం పట్టుకుంది. శనివారం నంబర్ల కాగితాలు తెచ్చుకోవడానికి వెళ్తే, వాన ఎంత కురిసినా పరుగు ఆగదన్నారు. నేను ఇంటికొచ్చి జాగ్రత్తలు మొదలుపెట్టాను. ఫోనుకు కవరు, నంబరు కాగితాలకు కవరు, పిల్లాడికి పాలు, జ్వరం మందు, దగ్గు మందు, అప్పన్న కోసం ఏ గంటకు ఏమివ్వాలో రాసిన కాగితం. చివరికి మేజోళ్ల మీద కూడా ప్లాస్టిక్ సంచులు తొడిగి, చీలమండ దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసి చూసుకుని మురిసిపోయాను.

"ఇదేటే?" అంది అత్త.

"లోపలికి నీళ్లు రాకుండా."

"పైనుంచి వస్తేనో? బయటికి ఎలాగెల్తాయి?"

అత్త నా పక్కన చతికిలబడింది. "పడవలోకి నీళ్లొస్తే మునుగుతాది. తెప్ప మునగదు. ఎందుకో సెప్పు."

మావయ్య తెప్ప నాకు తెలిసిందే. తాళ్లతో బిగించిన దుంగలు, మధ్యలో సందులు. కెరటం మీదకొస్తుంది, సందుల్లోంచి దిగిపోతుంది. "నీళ్లు నిలవ్వు కదా" అన్నాను.

"అదీ. రావద్దని దెబ్బలాడదది. వచ్చినవి పోవడానికి తోవ ఉంచుతాది." అంటూనే గోనెసంచులు కుట్టే దబ్బనం పొయ్యి మీద ఎర్రగా కాల్చింది. బూట్ల పక్కల్లో, అడుగు అట్టకు కాస్త పైన, వరసగా కన్నాలు పొడిచింది. కాలిన రబ్బరు వాసనకు అప్పన్న పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, కొత్తవే అవి."

"కొత్తవి కాబట్టే కన్నాల్నేవు. నాలుగేళ్లు పోతే అవే పడతాయి. అప్పటిదాకా వాన ఆగుతాదేటి?"

పడుకునే ముందు మా ఇద్దరి పాదాలకూ, వేళ్ల సందుల్లో కూడా, ఆముదం పట్టించింది. నానిన కాలు ఒరుసుకుపోకుండా తమ పల్లెలో అందరూ చేసేదే అది.

ఆదివారం తెల్లవారుతూనే కుండపోత. చీర మోకాళ్ల పైకి గోచీ బిగించి, చుట్టకుదురు నెత్తిన పెట్టి, నంబరు కాగితం జాకెట్టుకు పిన్నీసులతో తగిలించుకుని అత్త నిలబడింది. పరుగు మొదలైంది. నా వల్లే వెనకబడ్డాం. అయిదో కిలోమీటరు దగ్గర చూస్తే వెనక ఇంకెవరూ లేరు. ఒక బస్సు మాత్రం మెల్లగా వస్తోంది. గడువులోగా చేరలేరనిపించినవాళ్లను ఎక్కించుకునే బస్సది. అదే సమయానికి ఫోను మోగింది. పిల్లాడు ఏడుస్తున్నాడని అప్పన్న. నా కాళ్లు ఆగిపోయాయి.

బస్సులోంచి ఒకాయన తల బయటపెట్టి, "ఎక్కేయండమ్మా, ఈ వానలో ఎందుకు?" అన్నాడు.

"ఎక్కుదాం అత్తా" అన్నాను.

అత్త ఆగలేదు, వెనక్కి కూడా తిరగలేదు. "నువ్వెక్కు. నీ గుంటడు ఏడుస్తన్నాడు, తప్పేటి? నాను మాత్రం ఎక్కను. బతుకంతా బస్సు ఎనకాల పరిగెట్టినాను. ఇయ్యాల బస్సే నా ఎనకాల వస్తంది. రానీ."

నేను ఫోనులో అప్పన్నతో, "ఎత్తుకుని తిప్పు, ఊరుకుంటాడు" అని చెప్పి అత్త వెంట పడ్డాను. నా కొడుకు ఏడుస్తున్నాడని తెలిసి నేను వెళ్లకుండా ఉన్నది అదే మొదటిసారి.

ఏడో కిలోమీటరు దగ్గర కాలవ పొంగి రోడ్డు మునిగింది. మోకాళ్లలోతు నీళ్లు. దాటినవాళ్లు అవతల గట్టున వరసగా కూర్చుని, బూట్లు విప్పి, నీళ్లు ఒంపుకుంటున్నారు. మేం దాటి పైకి వచ్చేసరికి మా బూట్ల పక్కల నుంచి సన్నటి ధారలు చిమ్మాయి. పది అడుగుల్లో కాళ్లు తేలికయ్యాయి. కూర్చున్నవాళ్లను దాటుకుంటూ పోయాం. వానకు తడిసిన చుట్టకుదురు బరువెక్కిన కొద్దీ అత్త నడక కుదురుకుంది. తొమ్మిదో కిలోమీటరు దగ్గర ఒకసారి తిరిగి చూశాను. బస్సు కనిపించలేదు.

గడువు ఇంకా ఆరు నిమిషాలుందనగా గీత దాటాం. అత్త గీత దగ్గర ఆగలేదు. డేరా దాటింది, నీళ్ల బల్లలు దాటింది, పోతూనే ఉంది. "అత్తా, ఐపోయింది" అని అరుస్తూ వెంటపడ్డాను. "నీకైపోనాది" అని, ఆ వీధి చివరిదాకా పరిగెత్తి, తనకు తోచినచోట ఆగింది. వాన మొహం మీద పడుతుంటే కళ్లు మూసుకుని నిలబడింది. అరవై దాటిన ఆ మొహంలో అంత తీరిక నేనెప్పుడూ చూడలేదు. తరవాత పతకం ఇస్తే అరచేతిలో పెట్టి తూకం చూసి, "పావుకిలో ఉండదు" అంది. అయినా నెలరోజులు మెడలోంచి తియ్యలేదు.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. అయినా బుధవారం పల్లెలో అత్త కట్టె ముందు ఒకరిద్దరు, ఆ వయసులో వానలో పరిగెట్టబట్టే ఇలా అయిందన్నారు. అత్తతో కలిసి గంప మోసిన నూకాలు మామ్మ ఆ మాట పడనివ్వలేదు. "పరిగెట్టబట్టే ఇన్నాళ్లు బతికినాది. మీరు కూకునుండి ఏటి సాధించినారో సెప్పండి" అంది.

పాడె లేచింది. మోస్తున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, బరువుగా, ఒక్కో అడుగూ వేస్తున్నారు. మా దగ్గర ఆడవాళ్లు ఊరి పొలిమేర దాకానే వెళ్తారు. నూకాలు మామ్మ వెనకనుంచి కేకేసింది: "ఒరే, బేగి నడండిరా. అది ఇంత నిదానంగా నడవడం ఈ ఊళ్లో ఎవులైనా సూసినారా?" మోసేవాళ్ల అడుగు తడబడి, తరవాత వేగమందుకుంది. గంపలు మోసిన ముసలివాళ్లు ఏడుగురు చీరలు ఎగదోపి, నడుం పైన కదలకుండా, కింద వడివడిగా, ఆ నడకతోనే వెంట కదిలారు. పొలిమేర వచ్చింది. ఒక్కరూ ఆగలేదు. నేనూ పిల్లాడిని చంకనేసుకుని వాళ్లతో పాటే సముద్రం ఒడ్డున శ్మశానం ఇసక దాకా పరిగెత్తాను.