బ్రేకు తొక్కింది నేను కాదు

దెయ్యం అనే మాటని పిల్లలకి అన్నం తినిపించడానికి కూడా నేనెప్పుడూ వాడలేదు. మా ఆయన వయసులో ఉన్నంతకాలం రాయగడ రూటులో లారీ తోలాడు. నెలలో సగం రోజులు ఇంట్లో నేనొక్కదాన్నే. శ్మశానం పక్కనున్న మడికి నీళ్లు కట్టడానికి ఒంటరిగా పోయేదాన్ని. అక్కడ పాముల్ని చూశాను, మోటారు వైరు కోసుకుపోయే దొంగల్ని చూశాను. ఇంకేమీ చూడలేదు. ఎవరికైనా పూనకం వచ్చిందంటే, పొద్దున్న ఏమైనా తిన్నదా లేదా అని ముందు అడిగే మనిషిని నేను.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా షెడ్డులో జరిగినదాన్ని గజపతినగరంలో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పుకుంటున్నారు. ఒకామె అయితే నాకు పూనిందని కూడా చెప్పింది. నేను అక్షరాలు నేర్చుకున్నది మనవలు పుట్టాక, పొదుపు సంఘంలో అందరి ముందు వేలిముద్ర వెయ్యడం నచ్చక. అందంగా రాయడం నాకు రాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

బొబ్బిలి దగ్గర ఒక పాత బంగళా పడగొడుతుంటే దాని వెనక కొట్టంలో బయటపడింది ఆ కారు. విదేశీ బండి. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, నెత్తిన గుడ్డ కప్పు. ఆ గుడ్డని ఎలకలు ఎప్పుడో కొరికేశాయి. లారీ తోలడం మానేశాక ఇంట్లో కూర్చోలేక ఇల్లంతా తిరుగుతున్న మా ఆయన, దాన్ని ట్రాలీ మీద వేయించి ఇంటికి తెచ్చాడు. ఆవుల్ని అమ్మేశాక ఖాళీగా ఉన్న రేకుల షెడ్డులో పెట్టాడు.

“ఏటి బావా ఈ తుప్పు?” అన్నాను. మాది మేనరికం. ఇప్పటికీ బావ అనే పిలుస్తాను.

“తుప్పు కాదే ముసలీ, రేసు బండి. దీన్ని రోడ్డు మీద తోలకుండా నేను సావను.”

“తోలితేనే సస్తావు.”

అలా మొదలైంది. ఇంజను పట్టేసి ఉంది. సిలిండర్లలో డీజిలు పోసి రోజూ కొంచెం కొంచెం కదిలించి విడిపించాడు. కింద రేకు చెయ్యి పెడితే రాలిపోయేది. ఆ రేకు కోసి కొత్తది అతికించాడు. బాడీ మీద పుట్టీ పెట్టాక వాటర్ పేపర్‌తో రుద్దింది నేనే. రుద్ది రుద్ది వేళ్ల చర్మం పోయి పప్పులో ఉప్పు వేసినా మంట పుట్టేది. రెండు ఎండాకాలాలు గడిచేసరికి అది నిజంగా కారులా కనిపించింది. ఎర్ర రంగు వేయించాడు. సీట్లకి కొత్త రెగ్జిన్ వేయించాడు. ఇంజను పలికిన రోజు వీధిలో వాళ్లంతా వచ్చి చూశారు.

బ్రేకుల పని ఒక్కటే మిగిలింది.

బ్రేకు గొట్టాలు మార్చినప్పుడు లోపల గాలి చేరుతుంది. గాలి ఉంటే పెడల్ మెత్తగా దిగిపోతుంది, బండి ఆగదు. ఆ గాలి తియ్యడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కాలి. ఇంకొకరు చక్రం దగ్గర పడుకుని చిన్న నట్టు విప్పితే ఆయిలుతో పాటు గాలి బుడగలు బయటికొస్తాయి. నట్టు బిగించాక పెడల్ వదలాలి. ముందు వదిలితే బయట గాలి మళ్లీ లోపలికి పోతుంది. అందుకే ఇద్దరి మధ్యా మాట ఉండాలి. ఆయన “తొక్కు” అంటాడు. నేను తొక్కి “ఊఁ” అంటాను. ఆయన పని చూసుకుని “వదులు” అంటాడు. మధ్యమధ్యలో నేను దిగి, బానెట్ ఎత్తి, ఆయిలు గిన్నెలో ఆయిలు పొయ్యాలి. అది ఖాళీ అయితే మొత్తం పని మళ్లీ మొదటికొస్తుంది.

ముందు చక్రాలు రెండూ ఒక రోజు అయ్యాయి. వెనక రెండూ మర్నాడు, భోజనాలయ్యాక మొదలుపెట్టాం. బండి స్టాండ్ల మీద ఉంది. చక్రాలు విప్పేసి ఉన్నాయి. మా ఆయన బండి వెనక భాగం కింద వెల్లకిలా పడుకున్నాడు, కాళ్లు మాత్రమే బయటికున్నాయి. అక్కణ్ణించి ఆయనకి సీటు కనపడదు.

కాసేపు తొక్కాను. ఇంతలో వీధిలో గ్యాస్ బండి వచ్చింది. ఆ వేళ తీసుకోకపోతే మళ్లీ ఎప్పుడొస్తాడో. “గ్యాస్ వచ్చింది బావా, ఉండు” అని చెప్పి దిగాను. చెప్పానన్నది నాకు బాగా గుర్తుంది. విన్లేదని ఆయనంటాడు.

సిలిండర్ తూకం దగ్గర గ్యాస్ అబ్బాయితో మాటామాటా అయ్యింది. పక్కింటి అప్పలనరసమ్మ కూడా అక్కడే ఉంది. వాళ్ల కోడలి సంగతి చెప్పడం మొదలుపెడితే ఆమెని ఆపడం ఎవరి తరమూ కాదు. నేను తిరిగి షెడ్డులోకి వెళ్లేసరికి మా ఆయన బయటికొచ్చి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. మొహం వెలిగిపోతోంది.

“ఈయాల బాగా తొక్కినావే. అయిపోయినాది.”

“నేనెక్కడ తొక్కినాను? గ్యాసోడి కాడున్నాను కదా.”

“సాల్లే నీ ఏలాకోలం.”

“నీ మీదొట్టు. ఇదిగో, అప్పలనరసమ్మనడుగు.”

నా వెనకే వచ్చిన అప్పలనరసమ్మ తల ఊపింది. “ఇంతసేపూ నాతోనే ఉన్నాది అన్నా.”

మా ఆయన నవ్వు మొహం మీదే ఆగిపోయింది. రెండు చక్రాలూ పూర్తి చేశాడట. తొక్కు అన్న ప్రతిసారీ ఊఁ వినపడిందట. నా గొంతే అన్నాడు. “బానెట్ తీసిన సప్పుడు కూడా అయినాది కదే” అన్నాడు.

నేను వెళ్లి బానెట్ ఎత్తాను. ఆయిలు గిన్నె నిండుగా ఉంది. నేను దిగేటప్పుడు సగానికి పైన ఉన్న ఆయిలు డబ్బా ఇప్పుడు ఖాళీ. మూత బిగించి ఉంది. వెనక చక్రం దగ్గర పెట్టిన సీసాలో బయటికొచ్చిన పాత ఆయిలు ఉంది. సీట్లో కూర్చుని కాలు పెట్టాను. పెడల్ రాయిలా ఉంది.

ఆయనే పోసి మర్చిపోయాడేమో అని ఎవరైనా అనొచ్చు. నేనూ అదే అడిగాను. తుడిచినా ఆయన చేతులు నల్లటి ఆయిలుతోనే ఉన్నాయి. ఎర్ర బానెట్ మీద ఒక్క మరక కూడా లేదు.

ఆ బ్రేకుని నమ్మడానికి నాకు మనసొప్పలేదు. “మనిషి తొక్కని బ్రేకుతో ఎలా ఎల్తావు?” అన్నాను.

“ఎవులు తొక్కితే ఏటి? గాలి పోయినాదా, లేదా?”

అన్నాడు గానీ ఆయనకీ లోపల అనుమానం ఉంది. నా మాట విని మర్నాడు మళ్లీ మొదటినుంచీ చేశాం. అక్కడే చెడిపోయింది. నేను తొక్కుతుంటే బుడగలు వస్తూనే ఉన్నాయి. పెడల్ నేల దాకా దిగిపోయేది. విజయనగరం నుంచి ఒక మెకానిక్‌ని పిలిపించాం. అతను వాషర్లు మార్చాడు, గొట్టాలు తడిమి చూశాడు, నన్ను దించి తనే తొక్కాడు. అయినా అంతే. ఎక్కడా కారడం లేదు, గాలి ఎలా చేరుతోందో తెలియడం లేదన్నాడు. మళ్లీ రాలేదు.

మా ఆయన తిండి తగ్గించాడు. పొద్దంతా ఆ బండి పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఒకరోజు మధ్యాహ్నం నా వైపు చూడకుండా అన్నాడు.

“నువ్వు కొంచేపు బయటికెల్లు.”

ఏం అడుగుతున్నాడో నాకు వెంటనే తెలిసింది. “ఎల్లను” అన్నాను.

“ఎల్లవే.”

“నీకు బుద్ధుందా? ఆ బండి కింద పడుకునేది నువ్వు. సీట్లో ఎవులో, ఏటో తెలీదు. నీ గుండె మీద బండి ఉంటాది.”

“దానికి నా మీద కోపముంటే ఆ యాలే సంపేసును.”

ఇంకేం చెప్పినా విన్లేదు. లారీ తోలినన్నాళ్లూ అంతే, ఒకసారి గేరు వేశాక వెనక్కి తియ్యడు. నేను షెడ్డు బయటికొచ్చాను గానీ దూరం పోలేదు. గుమ్మం పక్కన నిలబడ్డాను. అప్పలనరసమ్మ గోడ మీంచి చూసి, నా మొహం బాగోలేదని వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అక్కణ్ణించి ఆయన కాళ్లు కనపడుతున్నాయి. సీటు కూడా కనపడుతోంది. సీట్లో ఎవరూ లేరు. పట్టపగలు. రేకుల సందుల్లోంచి ఎండ పడుతోంది.

“తొక్కు” అన్నాడు.

ఏమీ లేదు.

“తొక్కు.”

వీధిలో ఆటో ఒకటి పోయింది. నాకు కొంచెం ఊపిరి వచ్చింది. ఏమీ జరగదు, లేచి వస్తాడు అనుకున్నాను.

“తొక్కవే.”

“ఊఁ.”

అప్పలనరసమ్మ నా నోటి వైపు చూసింది. నా నోరు మూసి ఉంది. మా ఇద్దరికీ వినపడింది. అది నా గొంతే. జలుబు చేస్తే ఎలా ఉంటుందో, కోపమొస్తే ఎలా ఉంటుందో నా గొంతు నాకు తెలియదా?

“వదులు” అన్నాడు ఆయన. “తొక్కు.”

“ఊఁ.”

ఇద్దరూ పని చేసుకుంటున్నట్టే ఉంది. రోజూ నేనూ ఆయనా ఎలా చేస్తామో అలాగే. మా ఆయన కాళ్లు నిమ్మళంగా ఉన్నాయి. అది చూశాకే నాకు నిజంగా భయం వేసింది. ఆయనకి అక్కడ నేను లేనన్న లోటు కూడా లేదు.

నేను అరిచాను. “బావా, బయటికి రా!”

సీటు వైపు నుంచి, అదే గొంతు, మెల్లగా అంది. “ఉండు, ఇంకా గాలి ఉన్నాది.”

మా ఆయన కాళ్లు కదలలేదు. కింద నుంచి ఆయన గొంతు వచ్చింది. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

“ఒసే... ఎవులు పిలిసినారు?”

నేను జవాబు చెప్పలేదు. చెబితే రెండో గొంతు కూడా చెబుతుందని తెలుసు. లోపలికి పరిగెత్తి, నేల మీద కూలబడి, ఆయన చీలమండలు రెండూ పట్టుకుని లాగాను. ఈ వయసులో అంత బలం ఎక్కడిదో తెలియదు. ఆయన వీపు సిమెంటు మీద గీసుకుపోయింది. చేతిలో పానా అలాగే ఉంది. నా మొహం చూశాడు, నా చేతులు తడిమాడు.

అప్పుడు ఇద్దరం లేచి సీట్లోకి చూశాం. ఎవరూ లేరు. పెడల్ కిందికి నొక్కి ఉంది. మేము చూస్తుండగా అది పైకి లేచింది. స్ప్రింగు విసిరినట్టు కాదు. మనిషి కాలు తీస్తే ఎలా లేస్తుందో అలా, నెమ్మదిగా.

అప్పలనరసమ్మ అప్పటికే వాళ్లింట్లో ఉంది. వాళ్ల తలుపు గడియ పడిన చప్పుడు మాకు వినపడింది.

ఇంకో సంగతి కూడా రాయాలి. నేను లాగినప్పుడు నట్టు విప్పి ఉంది. నట్టు విప్పి ఉండగా పెడల్ లేస్తే గొట్టంలోకి గాలి పోతుంది. పోవాలి. చాలాసేపటికి మా ఆయన నట్టు బిగించి, బయట నిలబడే చేత్తో పెడల్ నొక్కి చూశాడు. రాయిలా ఉంది.

దాన్ని తుక్కుకి పంపమన్నాను. గొడవపడ్డాను. ఒక పూట అన్నం వండలేదు. ఆయన చక్రాలు బిగించాడు. ఒక ఆదివారం పొద్దున్న బండి బయటికి తీసి, ఇంజను ఆడిస్తూ గేటు దగ్గర ఆగాడు.

“నీకు బయమైతే రాకు. నేనొక్కణ్నే ఎల్తాను. బొబ్బిలి రోడ్డులో కొంచెం దూరం పోయి వచ్చేస్తాను.”

ఆయనని ఆపడం నా వల్ల కాదని అప్పటికి తెలిసింది. నేను ఆయన పక్క సీటు వైపు చూశాను. కొత్త రెగ్జిన్. ఖాళీగా ఉంది. బండిలో ఉన్నవి రెండే సీట్లు. నేను ఎక్కకపోతే ఆ సీటు అలా ఖాళీగానే ఉంటుందా అన్న ఆలోచన వచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లి ఎక్కి కూర్చున్నాను.

వంతెన దిగుడులో మేకలు అడ్డం వచ్చాయి. ఆయన బ్రేకు తొక్కాడు. బండి గీత గీసినట్టు ఆగింది. మేకల కాపరి మా ఇద్దర్నీ, బండినీ చూసి నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇదంతా జరిగి చాలాకాలమైంది. ఆ బ్రేకుల జోలికి మళ్లీ ఎవరం పోలేదు. అవి ఇప్పటికీ అలాగే పనిచేస్తున్నాయి. ఎవరిదా గొంతు, మాకు మేలు చేసిందా, ఇంకేదైనా కోరి చేసిందా, నేను తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. కానీ ఆయన ఆ బండి తీసిన ప్రతిసారీ, నడుం నొప్పి ఉన్నా, జ్వరం ఉన్నా, పక్క సీట్లో నేనే కూర్చుంటాను. ముసలిదానికి కారు మోజు పట్టిందని వీధిలో నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

దారిలో ఆయన ఏదైనా అడిగితే ఊఁ అనను. ముందు ఆయన భుజం మీద చెయ్యి వేస్తాను, తర్వాత జవాబు చెబుతాను. చెయ్యి తగిలేదాకా ఆయన కూడా వినడు.