కాల్చిన తలకాయలు

ఆ రోజుల్లో మెదడు మీద పరిశోధన చేస్తున్నానని ఎవరికైనా చెప్పుకోవడం అంత తెలివైన పని కాదు. "ముందు నీకుండాదేమో చూసుకోన్నా" అనేవాళ్ళు స్నేహితులు. (చూసుకోవలసింది.) రెండువేల సంవత్సరం దాటిన తర్వాతి మాట. మెటబొలోమిక్స్ అనే శాస్త్రం మా అనంతపురానికి అప్పుడే చేరింది. అంటే, నా ఒక్కడి దగ్గరికి చేరింది. కడుపుకు లేని ప్రాణి మెదడులో కొవ్వులూ అమైనో ఆమ్లాలూ ఏమవుతాయో, వాటి నుంచి పుట్టే చిన్నచిన్న అణువులన్నిటినీ ఒక్కసారే కొలిచి తెలుసుకోవడం నా పని. కొలిచే యంత్రం బెంగళూరులో ఉంది. ఆకలి మాత్రం మా దగ్గరే ఉంది. మేత లేక ఎముకలు తేలిన గొర్రెలకు ముదిగుబ్బ వైపు కొదవ లేదు. ఆ యంత్రం మీద మాకో వంతు ఇప్పించడానికి మా గైడు సారు ఎవరెవరినో బతిమాలుకుని, "ఇది పోతే నీ పీహెచ్‌డీ పోయినట్టే" అన్నారు, ఆశీర్వదిస్తున్నట్టుగా.

చిక్కల్లా ఒక్కటే. గొర్రెను కోసిన వెంటనే మెదడు తీసి ద్రవ నత్రజనిలో వేయాలి. ఆలస్యమైతే అణువులు మారిపోతాయి. వేడి తగిలితే ఇక చెప్పనక్కరలేదు. మా వైపు ఆ నత్రజని దొరికేది పశువుల ఆసుపత్రిలోనే, ఆంబోతుల వీర్యం దాచే డబ్బాలో. (నా శాస్త్రానికి అంతకన్నా గౌరవమైన పాత్ర దొరకలేదు.) ఆసుపత్రి ఎదురుగానే మాంసం అంగడి, అక్కడ కోసేది ఆ బక్క గొర్రెలనే. అంగడాయనను ఊరంతా మామ అనేది, నేనూ అన్నాను. "మామా, నేను డబ్బా పట్టుకొచ్చేలోపల తలకాయలు రెడీగా పెట్టు" అని చెప్పి రోడ్డు దాటాను. ఆసుపత్రిలో సంతకాలన్నీ అయి డబ్బాతో తిరిగొచ్చేసరికి అంగడి ముందు మంట. మంట పక్కన తలకాయలన్నీ నున్నగా కాలి, పసుపు పూసుకుని, పెళ్ళికొడుకుల్లా వరసగా ఉన్నాయి.

"ఇదేంది మామా, కాల్చేసినావు?"

"రెడీగా పెట్టమంటివి కదప్పా! బొచ్చుతో ఇచ్చేకి నేనేమన్నా మానం లేనోణ్ణా? సదువుకున్నోడివని పసుపు గూడా నేనే పూసినా. ఆ డబ్బాలో ఏముండాది, మసాలానా?"

పుట్టినప్పటి నుంచి కాల్చిన తలకాయ కూరే తిన్నవాణ్ణి. రెడీ అంటే ఏమిటో నాకే తెలిసి ఉండాలి. యంత్రం మీద ఆ వంతు అలా పోయింది. గైడు సారు మళ్ళీ ఎవరెవరినో బతిమాలి, ఇంకో వంతు తెచ్చారు.

ఈసారి అందరికీ అన్నీ సరిగ్గా చెప్పుకున్నాను, వానకు తప్ప. మా జిల్లాలో కరువును నమ్ముకుని చెడినవాడు అంతవరకూ లేడు. ఆ ఏడు వాన పట్టు వదలకుండా కురిసింది. బీళ్ళన్నీ పచ్చబడ్డాయి. నేను బెంగళూరు పోవలసిన నాటికి, ముదిగుబ్బ అంతా వెతికినా పక్కటెముక కనిపించే గొర్రె ఒక్కటి లేదు. యంత్రం మీద మా వంతు ఇంకెవరికో పోయింది. రాప్తాడు దగ్గర మా చేనికి వెళ్ళి గట్టు మీద కూలబడ్డాను.

"ఏమప్పా, ఊరంతా సంబరపడతాంటే నువ్వు మొగమట్ల పెట్టినావే?" అన్నాడు నాయన.

"గొర్రెలు బలిసినాయి నాయనా."

"గొర్రెలు బలిస్తే ఏడ్సేవాణ్ణి నిన్నే చూసినా" అని, నాయన పచ్చి చెనిక్కాయల చెట్టొకటి పీకి, మట్టి దులిపి నా ఒళ్ళో పెట్టాడు. కాయలు నిండుగా ఉన్నాయి. అన్ని ఏళ్ళలో అంత నిండుగా నేను చూడలేదు. ఏడుస్తూనే ఒలుచుకుని తిన్నాను.

పీహెచ్‌డీ రాలేదు. పిల్లలకు పాఠాలు చెప్పుకుని బతికాను, బాగానే బతికాను. ఇప్పటికీ తొలి చినుకు మీద పడగానే ఒక్క క్షణం గుండె జారుతుంది. నాకిక బక్క గొర్రెలతో పని లేదని ఆ తర్వాతే గుర్తొస్తుంది.